పాత బంగళాలో కొత్త బారు: ఏసీ మీదే ఆధారపడకుండా లోపలి పని ఎలా చేయించాలి

పాత బంగళా ఒకటి లీజుకు దొరికింది, అందులో ‘ట్రాపికల్’ బారు పెడదామనుకుంటున్నాం అంటూ వచ్చేవాళ్ళు ముందు ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు. బాలి, గోవా, ఎక్కడో కరీబియన్ తీరం. తాటాకు కప్పు, గోడ నిండా పచ్చటి ఆకులు, పక్కన నీళ్ళ గలగల. ఫోటోలకేం, బాగుంటాయి. కానీ హైదరాబాద్ సముద్రానికి దూరంగా, దాదాపు 540 మీటర్ల ఎత్తున, దక్కను రాతి మీద కూర్చున్న ఊరు. ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ముప్పాతిక వంతు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర వీచే గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. జులైలో అదే గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. డిసెంబరు రాత్రి స్వెట్టరు వెతుక్కుంటాం. ఉష్ణమండలమే మనదీ, కాకపోతే ఎండిపోయిన ఉష్ణమండలం. బాలిలో పనికొచ్చే ఉపాయాలు ఇక్కడ సగం నెలలు ఎదురు తిరుగుతాయి.

అందుకని ఆ ఫోటోలు కాసేపు పక్కన పెట్టండి.

ఒక పగలూ ఒక రాత్రీ అక్కడే గడపండి

డిజైనర్‌ని పిలవకముందే చేయాల్సిన పని ఇది. ఎండాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదికి, పదకొండుకి, మళ్ళీ తెల్లవారుజామున అయిదింటికి ప్రతి గదిలోనూ పడమటి గోడ మీద, నేల మీద అరచెయ్యి పెట్టి చూడండి. కప్పు అందదు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి ఉంటే మంచిది. వచ్చిన అంకెల్ని గది ప్లాను మీదే రాసుకోండి.

మధ్యాహ్నం బయట నిప్పులు కురుస్తుంటే లోపల హాయిగా ఉంటుంది. పాతకాలం గోడల మహిమ అని మురిసిపోతాం. రాత్రి తొమ్మిది దాటాక చూడండి తమాషా. బయట చల్లబడుతూ ఉంటే పడమటి గోడ లోపలి వైపు వెచ్చబడటం మొదలుపెడుతుంది. అడుగు, అడుగున్నర మందం ఉన్న ఇటుక, సున్నం గోడకు మధ్యాహ్నం తగిలిన ఎండ లోపలి ముఖానికి చేరడానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. మూడింటి ఎండ పదకొండింటికి లోపలికి వస్తుందన్నమాట.

ఆ ఇల్లు కట్టుకున్నవాళ్ళకు దీంతో ఇబ్బంది లేదు. ఎండాకాలం పగలు గదుల్లో ఉండేవాళ్ళు, రాత్రికి మంచాలు మిద్దె మీదికో సెహన్‌లోకో, అంటే ఇంటి ఆవరణలోని కప్పులేని వాకిట్లోకో చేరేవి. గోడ వేడి కక్కే వేళకు గదిలో మనుషులు ఉండేవాళ్ళు కాదు. మీ బారు మాత్రం సరిగ్గా ఆ వేళకే నిండుతుంది. భవనం గడియారం ఒకటి, మీ వ్యాపారం గడియారం ఇంకొకటి. ఈ రెండూ కలవకుండా పది టన్నుల ఏసీ పెట్టినా అది మధ్యాహ్నపు ఎండతో అర్ధరాత్రి కుస్తీ పడుతూనే ఉంటుంది, బిల్లు మీరు కడుతూనే ఉంటారు.

ఇక్కడి నుంచి నేను చెప్పే ప్రతి పనీ ఆ రెండు గడియారాల్నీ కలపడానికే. పడమటి గోడకు, కప్పుకు ఎండ తగలకుండా చూడటం ఒకటి. బారు మూశాక రాత్రి చల్లగాలితో గోడల్ని కడిగేయడం రెండోది. రాత్రిపూట జనాన్ని పాతవాళ్ళు కూర్చున్న చోటే, అంటే సెహన్‌లో, వరండాలో కూర్చోబెట్టడం మూడోది. ప్లాను మీద మీరు రాసుకున్న అంకెలే ఏ గది ఎందుకు పనికొస్తుందో చెప్పేస్తాయి. రాత్రి వేడెక్కే పడమటి గదుల్ని స్టోరుకో, టాయిలెట్లకో, మెట్ల దారికో వదిలేయండి. తూర్పు, ఉత్తరం గదుల్లో బల్లలు వేయండి.

కాగితాలు, బరువు

ఈ భాగం త్వరగా చెప్పేస్తాను, ఎలాగూ మీ లాయరు చెబుతాడు. భవనం వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో ముందే కనుక్కోండి. తెలంగాణలో ఇందుకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. చార్మినార్, గోల్కొండ కోట లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల దగ్గరైతే చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకైనా అనుమతి కావాలి. ఎక్సైజు వాళ్ళకిచ్చే ప్లానులో సెహన్‌నీ వరండానీ చేర్చడం మరిచిపోకండి. లైసెన్సు ప్లానులో లేని చోట మందు పోయలేరు, అలాంటప్పుడు నేను పైన చెప్పిన మూడో ఉపాయం కాగితం మీదే మిగిలిపోతుంది. ఆరుబయట స్పీకర్లకు రాత్రి పది గంటలే హద్దు. పది తర్వాత పాట లోపలి గదిలోనే.

బరువు సంగతి మాత్రం లాయరు చెప్పడు. మన భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంట్లో గదిని చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కేస్తే, హోటల్ భోజనశాలను 400 కిలోలకు లెక్కేస్తారు. మీ బంగళా మేడ గది టేకు దూలాల మీద నిలబడ్డది. దాని మీద రాతి కౌంటరు, సీసాల అల్మారాలు, ఐస్ మెషీన్, శనివారం రాత్రి డెబ్బై మంది. పాత కట్టడాల అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి దూలాల చివర్లు, గోడలో దూరిన భాగం, సుత్తితో తట్టి చూడాల్సిందే. చెద, చెమ్మ ముందు పట్టేది అక్కడే. ఆయన వద్దంటే కౌంటరు కింది అంతస్తుకే. దీన్లో బేరాలు పెట్టుకోకండి.

గోడలకు సిమెంటు తగలనివ్వకండి

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి. నేనూ తిన్నాను.

కొన్నేళ్ళ కిందట సికింద్రాబాద్ వైపు ఒక బంగళాలో పని. ఓపెనింగ్ తేదీ ముందే పెట్టేసుకున్నారు. కింది నాలుగడుగుల మేర పాత సున్నపు గార రాలిపోతుంటే, సున్నం ఆరేదాకా ఆగే ఓపిక లేక సిమెంటు పూయించి పైన మంచి ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేయించాను. మొదటి వానాకాలం గడిచింది. రెండో వానాకాలానికి పెయింటు బుడగలు తేలింది, దాని వెనక తెల్లగా చవుడు, అంటే ఉప్పు పేరుకుంది, చెమ్మ నాలుగడుగుల నుంచి ఏడడుగులకు ఎక్కింది. ఆ సిమెంటు చెక్కిస్తే దాంతోపాటు పాత ఇటుకల ముఖాలు కూడా ఊడొచ్చాయి. ఆ పనికి వచ్చిన పెద్ద మేస్త్రీ నన్ను ఒక్కటే అడిగాడు: “గోడ తాగిన నీళ్ళు ఎటు పోవాలె సార్?”

పాత గోడల కింద నేల చెమ్మను ఆపడానికి ఈ కాలంలో వేసే డీపీసీ పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నం గుండా బయటికి ఆరిపోతూనే ఉంటుంది. సిమెంటు, ప్లాస్టిక్ పెయింటు, పుట్టీ, వాల్‌పేపరు ఆ దారి మూసేస్తాయి. తడిసిన గోడ వేడినీ ఎక్కువ మోస్తుంది, గదిలో తేమనూ పెంచుతుంది. ఆ తేమను పిండడానికి ఏసీ అదనంగా పనిచేయాలి. అందుకే సున్నాన్ని పాతదనం మీద మోజుగా కాకుండా కరెంటు లెక్కలోనే చూడండి.

క్రమం ఇలా పెట్టుకోండి. ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపండి. ఎక్కువసార్లు అది పగిలిన వాన గొట్టమో, గోడవారన పెరిగిపోయిన మట్టి మట్టమో, రోడ్డు పదిసార్లు ఎత్తు పెంచడం వల్ల ఇల్లు గుంటలో పడటమో అయ్యుంటుంది. గోడ మొదట్లో మట్టి తవ్వి, కంకర నింపి, నీళ్ళు దూరంగా పోయేలా వాలు పెట్టండి. తర్వాత పాత సిమెంటు పూతల్ని ఉలితో నెమ్మదిగా చెక్కించండి, మెషీన్ పెట్టొద్దు. గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వగలిగితే అంతకంటే అదృష్టం లేదు. ఆ తర్వాత డంగు సున్నం. బాగా నానిన సున్నం, ఇసుక, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు. కొందరు మారేడు గుజ్జు వేస్తారు, కొందరు మినప్పిండి, నునుపు పూతకు కోడిగుడ్డు తెల్లసొన. ఒక్కో మేస్త్రీది ఒక్కో పాళ్ళ లెక్క. మీరు అందులో తలదూర్చకండి, ముందు మూడడుగుల నమూనా వేయించి నెల రోజులు చూడండి, చాలు.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ రాయిలా మారుతుంది. దానికి వారాలు కావాలి, పొర పొరకూ మధ్య విరామం కావాలి, పలచగా తడుపుతూ ఉండాలి. కాబట్టి లీజు మాట్లాడేటప్పుడే రెండు మూడు నెలలు అద్దె లేని గడువు అడగండి. పైన రంగు కావాలంటే సున్నపు పూతలోనే రంగు మట్టి కలిపి వేయించండి: ఎర్రమన్ను, పసుపు మట్టి, లేత నీలం. ‘ట్రాపికల్’ రంగులంటే చిలకపచ్చ, గులాబీ అనుకోనక్కర్లేదు.

బారు వెనక గోడ మీద నీళ్ళు, సిరప్పులు చిమ్ముతాయి కదా అంటారా? అక్కడ గోడకు టైల్స్ అంటించకుండా, రెండంగుళాలు ముందుకు తన కాళ్ళ మీద తాను నిలబడే పలకల తెర కట్టండి. వెనక గాలి ఆడుతుంది. రేపు లీజు అయిపోయి మీరు దాన్ని తీసుకెళ్ళిపోతే కింద పాత గోడ చెక్కుచెదరకుండా ఉంటుంది. అల్మారాలు, లైట్లు, వైర్ల గొట్టాలు అన్నిటికీ ఇదే పద్ధతి. తప్పనిసరై మేకు దించాల్సి వస్తే రాతిలోనో ఇటుకలోనో కాకుండా సున్నపు సందులో, అదీ స్టెయిన్‌లెస్ స్టీలు మేకు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొడుతుంది.

కప్పు

మేడ మీద గదుల్లో బారు పెడితే సగం పోరాటం కప్పుతోనే. మన ఊళ్ళో పాత కప్పులు ఎక్కువగా మద్రాసు టెర్రేస్, అంటే టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, పైన సున్నపు కాంక్రీటు. కాదంటే ఇనుప గడ్డర్ల మధ్య ఇటుక వంపులు. కారిన ప్రతిసారీ తీసేయకుండా పైపైన ఇంకో పొర వేసుకుంటూ పోయి ఉంటారు. ముందు ఆ అదనపు పొరల్ని దింపండి, దూలాల మీద బరువు తగ్గుతుంది. నల్లటి తారు షీటు మాత్రం పరచకండి, అది పొయ్యి మీద పెనం. పైన తెల్ల సున్నపు పూతో, తెల్ల పింగాణీ ముక్కల పరుపో వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు చెప్పింది కూడా ఇదే: ఎండను తిప్పికొట్టే తెల్లటి కప్పు.

ఫాల్స్ సీలింగ్ వద్దు. గది ఎత్తు తగ్గితే ఏసీ మీద భారం తగ్గుతుందన్న వాదన సగం నిజమే. కానీ అది గోడ పైభాగాన గాలీ వెలుతురూ కోసం పెట్టిన చిన్న కిటికీల్ని, అంటే రోషన్‌దాన్‌లను మూసేస్తుంది, కారుతున్న నీటిని దాచేస్తుంది, మీరు అద్దె కట్టి తెచ్చుకున్న అందాన్నీ కప్పేస్తుంది. పదహారడుగుల ఎత్తున్న గదిలో వేడిగాలి పైకి చేరి మనుషుల్ని వదిలేస్తుంది. ఆ ఎత్తు మీ వైపే ఉంది.

కప్పు మీద, గోడ పగుళ్ళలో రావి మొక్కలు ఉంటాయి. వేర్లతో సహా తీయించండి. ఎవరూ నీళ్ళు పోయకుండానే ఏపుగా పెరిగే ట్రాపికల్ మొక్క అదొక్కటే, భవనాన్ని చీల్చేదీ అదే.

గాలిని మూడు కాలాలకు మూడు రకాలుగా నడపండి

రోషన్‌దాన్‌లు, కిటికీల మీది చిన్న వెంటిలేటర్లు చాలా బంగళాల్లో పెయింటుతో బిగుసుకుపోయో, అట్టముక్కలతో మూసుకుపోయో ఉంటాయి. ఒక్కొక్కటీ విప్పించి, బందులు మార్చి, తాడు, కప్పీ కట్టి కిందినుంచే తెరిచి మూసేలా చేయండి. పావురాలు రాకుండా జాలీ కొట్టించండి. ఈ ఒక్క పనికి పెట్టిన ఖర్చు మిగతా అన్నిటికంటే తొందరగా తిరిగొస్తుంది.

మార్చి నుంచి జూన్ మొదలు వరకు: పొద్దున ఎనిమిది లోపు అన్నీ మూసేయాలి. పడమటి కిటికీలకు బయటివైపు వెదురు తెరలు. లోపల కర్టెను వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే, అందుకే తెర బయటే ఉండాలి. గాలి పొడిగా ఉండే ఈ నెలల్లో వట్టివేళ్ళ తడికలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి: సన్నటి గొట్టంతో నీళ్ళు బొట్లు బొట్లుగా పడేలా పెట్టి, వెనక ఒక ఫ్యాను. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలి చల్లబడుతుంది, ఆ వాసనకు వేరే పరిమళం అక్కర్లేదు. సాయంత్రం అయిదున్నరకు సెహన్ బండల మీద నీళ్ళు చల్లించండి.

తొలకరి పడగానే తడికలు తీసి, ఎండబెట్టి దాచేయండి. తేమ నిండిన గాలిలో అవీ, కూలర్లూ గదిని ఇంకా జిడ్డు చేస్తాయే తప్ప చల్లబరచవు. వానాకాలం ఫ్యాన్లది, అవసరమైతే ఏసీది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీని మరిచిపోవచ్చు. పై వెంటిలేటర్లు తెరిస్తే జనం ఒంటి వేడి దానంతటదే పైకి పోతుంది.

ఫ్యాన్ల విషయంలో పిసినారితనం వద్దు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగితే, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర ఆగుతుంది. పదహారడుగుల కప్పుకు పొడవు రాడ్డు పెట్టి రెక్కలు తొమ్మిది, పదడుగుల ఎత్తుకు దించండి. టేకు దూలానికి రంధ్రం కొట్టకుండా చుట్టూ ఇనుప పట్టీ బిగించి కొక్కెం వేలాడదీయండి. ఒంటికి గాలి తగులుతుంటే 27 డిగ్రీలు కూడా 24లా అనిపిస్తుంది. ఏసీ సెట్టింగు ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. మూడు డిగ్రీలంటే మీరే లెక్క వేసుకోండి.

ఇక ఏసీ ఎంత? ఇక్కడ చిన్న లెక్క ఉపయోగం. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఎనభై మంది అంటే 8 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ లాగగలిగేది మూడున్నర కిలోవాట్లు. అంటే కేవలం మనుషులకే రెండు టన్నులకు పైగా. దానికి మీరు సరదాగా పెట్టే, లోపలి తీగ కనిపించే పాతకాలం తరహా ఎడిసన్ బల్బులు నలభై, ఒక్కోటి 60 వాట్లదైతే, ఇంకో 2,400 వాట్లు కలుపుతాయి. అదే ఆకారంలో ఆరు వాట్ల ఎల్‌ఈడీ దొరుకుతుంది, వెచ్చటి రంగు 2,700 కెల్విన్‌ది అడగండి. సున్నపు గోడ మీద అది దీపం వెలుగులాగే పడుతుంది.

ఏసీ కొనేటప్పుడు లోపలి గ్యాసు పేరు అడగండి. ఆర్410ఏ గాలిలోకి లీకయితే అదే బరువు కార్బన్ డయాక్సైడు కంటే రెండు వేల రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్32 అయితే 675 రెట్లు. ఆర్290 అంటే ప్రొపేనే, దానిది మూడు రెట్ల లోపే, కానీ మండే గ్యాసు కనుక ఎంత గదికి ఎంత అన్న పరిమితులు పాటించాలి. పెద్ద కేంద్రీయ వ్యవస్థలో పొడవాటి రాగి గొట్టాలుంటాయి, ప్రతి అతుకూ ఒక లీకుకి అవకాశం. గదికో చిన్న యూనిట్ పెట్టుకుంటే జనం లేని గదిని ఆపేయొచ్చు. చల్లగాలి ఏడెనిమిది అడుగుల ఎత్తు నుంచే విసిరేలా బిగించండి, దాని పైనున్న గాలిని చల్లబరచి ఎవరికి లాభం? అవుట్‌డోర్ యూనిట్లు మాత్రం ముందు గోడకూ వద్దు, సెహన్‌లోకీ వద్దు. మీరు రాత్రి జనాన్ని కూర్చోబెట్టే చోటే వేడిగాలి ఊదే బార్లు చూశాను. వెనక పెరటి వైపు, నీడలో పెట్టండి.

కౌంటరు వెనక ఉన్న పొయ్యిలు

ఐస్ మెషీన్ చల్లటిది అనుకుంటాం. దాని వెనక చెయ్యి పెట్టి చూడండి. ఐస్ మెషీన్, సీసాల ఫ్రిజ్‌లు, గ్లాసులు కడిగే మెషీన్, ఇవన్నీ గదిలోకి వేడి వదిలేవే. ఆ వేడిని మళ్ళీ ఏసీ బయటికి మోయాలి. ఐస్ మెషీన్‌ను కౌంటరు కింద కాకుండా గాలి ఆడే వెనక గదిలో పెట్టి, ఐసును డబ్బాల్లో తెచ్చుకోండి. అద్దం తలుపుల ఫ్రిజ్‌లు చూడ్డానికి బాగుంటాయి, చలిని మాత్రం ఆపలేవు. కళ్ళముందు ఒకటి ఉంచుకుని, మిగతావి అద్దం లేని తలుపులవే తీసుకోండి.

కౌంటరు రాయి ఎంచుకునేటప్పుడు ఒక నిమ్మకాయ వెంట తీసుకెళ్ళండి. షాబాద్ బండ, తాండూరు బండ, నల్లటి కడప బండ, మూడూ సున్నపు రాతి జాతివే. నేలకు వాటిని మించినవి లేవు, పాదాలకు చల్లగా ఉంటాయి. పాతవి ఇప్పటికే ఉంటే పాలిష్ కూడా కొట్టించకుండా అలాగే ఉంచండి. కానీ వాటి మీద నిమ్మరసం పడితే మచ్చ తినేస్తుంది, బారు కౌంటరు మీద రోజూ పడేదే అది. కౌంటరుకు గ్రానైట్ వాడండి. ఊరంతా దాని మీదే ఉంది కదా, దూరం నుంచి తేవాల్సిన పనీ లేదు. కౌంటరు ముందు భాగానికి కూల్చిన ఇళ్ళ పాత టేకు తలుపులు, అడితిల్లో దొరుకుతాయి. కొత్త చెట్టు కొట్టనక్కర్లేదు, ఆ కలప ఇప్పటికే ఆరి ఆరి ఉంటుంది, వంకర పోదు.

‘ట్రాపికల్’ రూపం మన దగ్గర దొరికేవాటితో

పేము కుర్చీలు, ఈతాకు చాపలు, పోచంపల్లి ఇక్కత్ గుడ్డ, వరంగల్ దర్రీలు, పెంబర్తి ఇత్తడి లైట్ షేడ్లు. ఎత్తైన కప్పు, నున్నటి సున్నపు గోడలు ఉన్న గదిలో ఇరవై మంది మాట్లాడితే సంతలా ఉంటుంది. ఆ గోలను పీల్చేది మందపాటి నూలు గుడ్డే. దర్రీలను నేల మీద పరిచే బదులు గోడకు నాలుగంగుళాలు ముందుగా కర్రకు వేలాడదీయండి, శబ్దమూ తగ్గుతుంది, గోడకూ గాలి తగులుతుంది.

తాటాకు కప్పు కోరిక మాత్రం వదిలేయండి. జనం మధ్య ఇట్టే అంటుకునే కప్పు ఉంటే ఏమవుతుందో 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్‌లోని పబ్బు అగ్నిప్రమాదంలో చూశాం, 14 మంది పోయారు. పాత ఇళ్ళది ఇంకో ప్రమాదం: దారి. 2025 మే 18న మన గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో మంటలకు 17 మంది చనిపోయారు. బయటికి రావడానికి ఇరుకైన దారి ఒక్కటే. మీ బంగళాకు ఒకటే మెట్ల దారి ఉంటే, రెండోది వెనకవైపు బయటి నుంచి ఇనుప మెట్లుగా కట్టేదాకా మేడ మీద బారు తెరవకండి. పాత వైరింగ్ మొత్తం మార్చేయాలి, అందులో సగం ఉంచుదాం అన్న మాటే వద్దు. గుడ్డలకు, పేముకు మంట అంటుకోకుండా ఉండే ద్రావణం పూయించండి, ఉతికిన ప్రతిసారీ మళ్ళీ పూయాలి.

మొక్కల సంగతి. మసక వెలుతురు బారులో ఏ మొక్కా బతకదు, ఎంత మొండిదైనా మెల్లగా చస్తుంది. రెండు జట్లు పెట్టుకోండి: ఒక జట్టు వారం లోపల, ఇంకో జట్టు సెహన్‌లో కోలుకుంటూ. పచ్చదనం అసలు చోటు సెహన్‌లోనే. నందివర్ధనం, అరటి, మల్లె పందిరి, నీడకు ఒక వేప. గోడకు పాకే తీగలు వద్దు, అవి సున్నంలోకి వేళ్ళు దించుతాయి. గోడ మీద కుండీల వరసలు కట్టే పచ్చటి గోడలైతే పాత గోడకు రోజూ స్నానం చేయించడమే. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవనివ్వకండి, వారం తిరిగేలోపు అందులో డెంగీ దోమలు పుడతాయి. నీళ్ళ హౌజ్ పెడితే దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలండి.

నీళ్ళు ఎక్కడివి అంటే, 200 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి పడే వానలో అయిదింట నాలుగు వంతులు పట్టినా 1,28,000 లీటర్లు. ఒక సంపు తవ్విస్తే మొక్కలకు, సెహన్ చల్లడానికి అదే సరిపోతుంది. ఆర్‌ఓ మెషీన్ వదిలేసే నీళ్ళను కూడా వాడొచ్చు, కానీ టాయిలెట్లకు మాత్రమే. అందులో ఉప్పు ఎక్కువ, గోడవారన పోస్తే మళ్ళీ చవుడు.

చివరి డ్యూటీ

బారు మూశాక గల్లా లెక్క అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి బయటి గాలి గోడల కంటే చల్లగా ఉంటుంది. ఎవరో ఒకరు తాళ్ళు లాగి పై వెంటిలేటర్లు, జాలీ ఉన్న కింది కిటికీలు తెరవాలి, వేడిగాలి బయటికి తోసే ఫ్యాను ఒకటి ఆన్ చేయాలి. పొద్దున ఎనిమిది లోపు ఇంకెవరో వచ్చి అన్నీ మూయాలి. బార్‌టెండరు ఇంటికి వెళ్ళే తొందరలో మరిచిపోతాడు. అందుకని ఈ పనిని రాత్రి వాచ్‌మన్ డ్యూటీ షీటులో పేరుతో సహా రాయండి, చేసినందుకు నెలకు వేరేగా డబ్బులివ్వండి. మొదటి ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి రాత్రి తొమ్మిదికి ఆ పడమటి గోడ మీద మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, పాత ప్లాను మీదే పాత అంకె పక్కన కొత్త అంకె రాసుకోండి.